శ్రమ శిక్షగా ఉన్న గడ్డపై శ్రమదానం

తెలుగునాట పాతతరం వారికి అండమాన్ పేరు మొదట ఒక శిక్ష పేరుగానే తెలిసినది. ‘ద్వీపాంతరవాసం’ అన్న మాట చెవిని పడితే ఊరంతా నిశ్శబ్దమయ్యేది. 1858లో ఆంగ్లప్రభుత్వం ఆ దీవులలో ఖైదీల వలసను నెలకొల్పినది. అడవులు నరకడం, చిత్తడినేలలు పూడ్చడం, రాళ్లు కొట్టడం, బాటలు వేయడం, అన్నీ సంకెళ్ల చేతులతోనే సాగినవి. 1896లో మొదలై 1906లో ముగిసిన సెల్యులర్ జైలు గోడలు కూడా ఖైదీలు లేపినవే. గానుగకు కట్టిన ఖైదీ రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయవలెను. తూకంలో తగ్గితే దండన. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువారు ఆ నేలపై శిక్ష అనుభవించినవారే.

అదే నేలపై నేడు మరొక విధమైన శ్రమ జరుగుతున్నది. చేసేవారు కళాశాల విద్యార్థులు, ఉన్నత పాఠశాలల పిల్లలు. వారి గుండెలపై కోణార్క సూర్యదేవాలయపు రథచక్రాన్ని పోలిన చిహ్నం ఉంటుంది. వారిని పనిలోకి తరిమే కాపలాదారు లేడు. తీరాన పేరుకున్న చెత్తను ఏరడం, రక్తమివ్వడం, గ్రామంలో ఇంటింటికి వెళ్లి ఆరోగ్య సూత్రాలు చెప్పడం, ఆపద వేళ శిబిరాలలో వంటకు, మోతకు నిలబడడం వారి పనులు. వీరు జాతీయ సేవా పథకం స్వచ్ఛంద సేవకులు.

బలవంతపు శ్రమను పాలకులు పౌండ్లలో తూచారు. స్వచ్ఛంద శ్రమను మనం గంటలలో లెక్కిస్తున్నాము. ఆ లెక్క చాలునా, ఈ యువజనుల సేవను సమాజం ఏ విధంగా గుర్తించవలెను అన్న ప్రశ్నను ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము.

పథకం పుట్టుపూర్వోత్తరాలు

విద్యార్థులను జాతీయసేవలో భాగస్వాములను చేయాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లదే. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం విద్యాసంస్థలలో స్వచ్ఛంద ప్రాతిపదికన జాతీయసేవను ప్రవేశపెట్టాలని సూచించినది. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక సంఘం దీనిని పరిశీలించినది. కె.జి.సయిదైన్ ఇతర దేశాలలో యువజన సేవ నడుస్తున్న తీరును అధ్యయనం చేసి నివేదిక సమర్పించారు. సేవను నిర్బంధం చేయడంకన్నా విద్యార్థి ఇష్టానికి వదలడమే మేలని ఆయన అభిప్రాయపడ్డారు. 1964-66 నాటి కొఠారీ విద్యాసంఘం సైతం విద్యతోపాటు సమాజసేవ సాగవలెనని చెప్పినది.

మహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి.రావు ఈ పథకాన్ని ప్రారంభించారు. ఆనాడు 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులు చేరారు. నేడు ఆ సంఖ్య సుమారు 40 లక్షలు. ఒక్కొక్క సేవకుడు రెండేళ్లలో 240 గంటలు సమాజసేవకు వినియోగించవలెను. ఇదిగాక, దత్తత తీసుకున్న గ్రామంలో ఏడురోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. చిహ్నంలోని చక్రానికున్న ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు, అనగా ఇరవైనాలుగు గంటలకు సంకేతం. ఏ వేళ పిలిచినా సేవకు సిద్ధమని దాని అర్థం. పథకపు నినాదం ‘నేను కాదు, నీవు’.

దీనికి తోబుట్టువు వంటి ఏర్పాటు మరొకటి ఉన్నది. చదువు ముగించిన యువతీయువకులు ఒకటి రెండేళ్లు పూర్తికాలం సేవ చేయడానికి 1977-78లో జాతీయ సేవా కార్యకర్తల పథకం వచ్చినది. 1972లో వెలసిన నెహ్రూ యువక కేంద్రాల ద్వారా, స్వల్ప గౌరవభృతిపై, వారు గ్రామాలలో పనిచేశారు. 2010-11లో జాతీయ యువదళం ఆ స్థానాన్ని తీసుకున్నది. పేర్లు మారినా మూలభావం ఒక్కటే. చదువుకున్నవాడు సమాజానికి ఋణపడి ఉంటాడు. ఆ ఋణంలో కొంత యౌవనంలోనే, తన రెక్కల కష్టంతో తీర్చుకోవలెను.

ద్వీపంలో సేవకు అర్థం వేరు

దేశంలో ఎక్కడైనా సేవ సేవయే. కాని నాలుగువైపులా సముద్రమున్నచోట దాని విలువ మారిపోతుంది. అండమాన్ నికోబార్ ద్వీపసమూహం ఉత్తరం నుండి దక్షిణానికి ఏడువందల కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నది. విశాఖపట్నం నుండి రాజధానికి సముద్రమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు; ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. నిన్నటివరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడిన ఆ రాజధానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని కేంద్రప్రభుత్వం పేరు మార్చినది. అక్కడి నుండి దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే చేరడానికి మళ్లీ ఐదువందల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటవలెను. సముద్రం పోటెత్తినప్పుడు ఓడ కదలదు; మబ్బు కమ్మినప్పుడు హెలికాప్టరు లేవదు. అటువంటి వేళ బయటి సహాయం వచ్చేవరకు ఊరికి ఊరివారే దిక్కు.

ఆ ఊరివారు ఎవరు? 1949 మొదలుకొని తూర్పు బెంగాలు కాందిశీకులు అక్కడ కొత్త జీవితం ఆరంభించారు. ఖైదీల సంతతివారు, ఛోటానాగపూర్ నుండి వచ్చిన శ్రామికులు, తమిళులు, మలయాళీలు, నికోబారీలు ఉన్నారు. జాతీయ సేవా పథకం మొదలైన 1969లోనే గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరచడం ఆరంభమైనది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వలస వెళ్లిన మత్స్యకారులు, కూలీలు తెలుగువారిలో అధికసంఖ్యాకులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపవాసులు సుమారు 3,80,000 మంది. వారిలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగవ స్థానం మనదే.

ఒకే వీధిలో ఐదు భాషలు వినిపించే ఊరిలో సేవకుని మొదటి అర్హత భాష. ఆరోగ్యశాఖవారి కరపత్రం హిందీలోనో, ఆంగ్లంలోనో ఉంటుంది. తీరాన వలలు అల్లుకునే తెలుగు ముదుసలికి దానితో ప్రయోజనం లేదు. ఆమె పొరుగింట పెరిగి కళాశాలలో చదువుతున్న పిల్ల వచ్చి, “అమ్మమ్మా, నీళ్లు మరగబెట్టి తాగాలట. దోమలు పెరుగుతాయి, ఆ తొట్టి ఖాళీ చెయ్యి” అని చెబితే ఆ మాట ఇంట్లోకి వెళుతుంది. 1967లో రాజధానిలో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయంలోను, తరువాత వచ్చిన ఇతర కళాశాలల్లోను, ఉన్నత పాఠశాలల్లోను చదివే పిల్లలు ఈ భాషలన్నింటి ఇళ్ల నుండి వచ్చినవారే. ప్రభుత్వానికి, ప్రజలకు నడుమ ఇంతకన్నా దగ్గరి వంతెన మరొకటి లేదు.

కంటికి కనబడని మేలు

సేవకులు చేసే పనిలో అధికభాగం పత్రికలకెక్కదు. ఉదాహరణకు ఒక జ్వరం కథ చూడండి. 1988 నుండి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో వానల అనంతరం ఏటా ఒక వింతజ్వరం వ్యాపించసాగినది. ఊపిరితిత్తులలో రక్తస్రావమై ఆరోగ్యవంతులు సైతం మరణించేవారు. ప్రజలు దానిని అండమాన్ రక్తస్రావ జ్వరమన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990లలో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలో, బురదలో ఆ క్రిమి ఉంటుంది. కాళ్లకున్న చిన్న గాయం ద్వారా దేహంలో ప్రవేశిస్తుంది. వరిమడిలో దిగే రైతుకే ప్రమాదం ఎక్కువ. తొలిదశలో గుర్తిస్తే సామాన్యమైన మందులతోనే నయమవుతుంది.

శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో కారణం కనుగొంటాడు. వైద్యుడు ఆసుపత్రిలో మందిస్తాడు. కాని “గాయంతో బురదలో దిగవద్దు, జ్వరం వస్తే మర్నాటికి వాయిదా వేయక ఆసుపత్రికి వెళ్లు” అన్న ఒక్క మాట రైతు గుమ్మం దాకా ఎవరు మోయవలెను? అక్కడ సేవకుని అవసరం ఏర్పడుతుంది. ఆ మాట విని ప్రాణం దక్కించుకున్న రైతు పేరు ఏ లెక్కలోను ఉండదు. రాకుండా ఆగిపోయిన మరణాన్ని ఎవరు లెక్కిస్తారు?

రక్తదానం సంగతి అంతే. దీవులన్నింటికి పెద్దదిక్కు రాజధానిలోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి. ప్రసవవేదనలో ఉన్న తల్లిని దూరదీవి నుండి హెలికాప్టరులోనో, ఓడలోనో అక్కడికే తేవలెను. మహానగరంలో ఒక ఆసుపత్రిలో రక్తం లేకపోతే పక్క ఆసుపత్రిలో దొరుకుతుంది. ఇక్కడ పక్క ఆసుపత్రికి, దీనికి నడుమ బంగాళాఖాతమున్నది. కాబట్టి స్థానికంగా, వేళకు, పిలవగానే వచ్చి చేయిచాచే యువకులే ఆ రక్తనిధికి ఊపిరి.

ఇక తీరాల శుభ్రత. దీవులలో పేరుకునే చెత్త అంతా దీవులవారు వేసినది కాదు. గ్రేట్ నికోబార్ ఇసుకతిన్నెలపై మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ వంటి దేశాల గుర్తులున్న ప్లాస్టిక్ సీసాలు పరిశోధకులకు దొరికినవి. సముద్రానికి సరిహద్దులు లేవు. ఈరోజు ఏరినచోటనే రేపు మళ్లీ చేరుతుంది. ఇది ఒకనాటితో తీరని పని అని తెలిసి కూడా వంగి ఏరే విద్యార్థి ఓర్పులోనే సేవాధర్మం ఉన్నది. ఆ తిన్నెలలోనే సముద్రపు తాబేళ్లు గుడ్లుపెడతాయి.

ప్రళయం నేర్పిన పాఠం

2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా సముద్రతలంలో భూమి కంపించినది. నిమిషాల వ్యవధిలో నికోబార్ దీవులను అలలు ముంచెత్తినవి. కార్ నికోబార్, కచాల్ తదితర దీవుల తీరగ్రామాలు తుడుచుకుపోయినవి. ట్రింకెట్ దీవి ముక్కలైనది. దేశానికి దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగుభాగం నీట మునిగినది. దక్షిణ అండమాన్‌లో పొలాలు ఉప్పునీటి పాలైనవి; ఉత్తరాన పగడపుదిబ్బలు పైకిలేచి ఎండిపోయినవి. ద్వీపసమూహంలో మూడువేలకు పైగా ప్రజలు మరణించారు లేదా గల్లంతయ్యారు.

బాధితులు ఓడలలోను, విమానాలలోను రాజధానికి చేరారు. పాఠశాలలు శిబిరాలుగా మారినవి. ప్రభుత్వోద్యోగులు, వ్యాపారులు, మత సంస్థలు, విద్యార్థులు, గృహిణులు, ఎవరికి వారుగా కదిలారు. అన్నం వండడం, తప్పిపోయినవారి పేర్లు రాసుకోవడం, తల్లిదండ్రులకు దూరమైన పిల్లలను చేరదీయడం వంటివి ఏ ప్రణాళికలోను ముందు రాసిపెట్టినవి కావు. మొదటి రోజుల్లో మనుషులను నిలబెట్టినది ఇరుగుపొరుగు చేతులే.

అయితే ఆ ప్రళయం మరొక పాఠం కూడా నేర్పినది. అది సేవ చేయదలచిన ప్రతివారు చదవదగినది. దేశం నలుమూలల నుండి సహాయసామగ్రి కుప్పలుగా వచ్చి పడినది. అందులో ఉష్ణమండలంలోని ఆ ప్రజలకు అక్కరకురాని కంబళ్లు, ఉన్నివస్త్రాలు సైతం ఉన్నవి. నికోబారీ పెద్దలు అడిగినది మరొకటి. “మాకు పనిముట్లు ఇవ్వండి, మా ఇళ్లు, మా పడవలు మేమే కట్టుకుంటాము” అన్నది వారి మాట సారాంశం. వారికి ప్రాప్తించినవి తొలుత రేకుల పాకలు. పగటివేళ వాటిలో కూర్చోలేని ఉక్క. కార్ నికోబార్‌లో ‘తుహెట్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉన్నది. కొబ్బరితోటలు, పందులు, భూమి ఆ కుటుంబం ఉమ్మడి సొత్తు. పెద్ద మాట అందరికీ శిరోధార్యం. సహాయధనం మాత్రం భార్యాభర్తల చిన్నకుటుంబాన్ని లెక్కగా తీసుకుని పంచబడినది. మేలు చేయబోయిన చేయే ఆ ఉమ్మడి కట్టును సడలించినదని ఆ సమాజాన్ని పరిశీలించినవారు రాశారు.

ఇచ్చినవారి మనసులో లోపం లేదు. లోపమల్లా అడగకపోవడంలోనే ఉన్నది. ‘నేను కాదు, నీవు’ అన్న నినాదాన్ని మనం త్యాగబోధగానే అర్థం చేసుకుంటాము. దానిలో మరొక అర్థం కూడా ఇమిడి ఉన్నది. నాకు ఇవ్వాలనిపించినది కాదు, నీకు కావలసినది. నా తీరున కాదు, నీ తీరున. ఊరి భాష తెలిసి, ఊరి కట్టుబాటు తెలిసి, ముందు అడిగి ఆ తరువాత చేయిచాచే స్థానిక సేవకుని విలువ ఇక్కడ బోధపడుతుంది.

వెళ్లకపోవడం కూడా సేవయే

అండమాన్ సేవకునికి ప్రధానభూమిలో అవసరం లేని మరొక నిగ్రహం కావలసి ఉన్నది. జారవా, ఒంగీ, సెంటినెలీ, గ్రేట్ అండమానీ, షోంపెన్ తెగలవారు ఆ దీవుల ఆదిమ నివాసులు. వారి రక్షణకై 1956లో ఒక శాసనం వచ్చినది. దాని ప్రకారం వారి రిజర్వు ప్రాంతాలలో అనుమతి లేకుండా ఎవరూ అడుగిడరాదు. మనకు సామాన్యమైన జలుబు వారికి ప్రాణాంతకం కావచ్చును. అక్కడికి బిస్కట్లు, బట్టలు పట్టుకుని వెళ్లడం దయగా తోచవచ్చును. వాస్తవానికి అది హాని. వారి జోలికి పోవద్దని యాత్రికులకు నచ్చజెప్పడం, తోటివారిలో ఆ గౌరవం పెంచడం, ఇది కూడా సేవాపట్టికలో చేరవలసిన పనియే.

వెళ్లవలసినవారు వెళ్లేతీరు వేరు. రంగత్ సమీపంలోని ఒక ఓరావ్ కుటుంబంలో పుట్టిన నర్సు శాంతి తెరెసా లక్రా లిటిల్ అండమాన్‌లోని డ్యూగాంగ్ క్రీక్‌లో ఒంగీల మధ్య కొన్నేళ్లు పనిచేశారు. ఆమె ప్రభుత్వోద్యోగిని, స్వచ్ఛంద సేవకురాలు కాదు. అయినా ఆమె పనితీరు సేవకులందరికీ ఆదర్శం. వారి మధ్య నివసించి, వారి నమ్మకం పొంది, సునామీ వేళ వారిని విడువక నిలిచారు. 2011లో భారతప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రదానం చేసినది. మారుమూల దీవిలో పనిచేసిన ఒక నర్సును దేశం గుర్తించగలిగినప్పుడు, సేవకుల పనిని వారి ఊరు గుర్తించడం కష్టమేమీ కాదు.

మన తీరం, వారి తీరం

ఈ విషయం తెలుగు పాఠకులకు దూరపు సంగతి కాదు. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన కబళించినప్పుడు పదివేలమంది దాకా మరణించారు. అప్పుడు విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలవారు బురదలో దిగి చేసిన పనిని ఆ ప్రాంతపు పెద్దలు నేటికీ తలుస్తారు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫాను 8వ తేదీన అండమాన్‌లోని లాంగ్ ఐలండ్‌ను తాకి, 12వ తేదీన విశాఖపట్నం వద్ద తీరం దాటినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్ ప్రాంగణంలో వేలవృక్షాలు నేలకొరిగినవి. వీధులలో అడ్డంగా పడిన చెట్లను తొలగించినవారిలో విద్యార్థులు ఉన్నారు. ఒకే గాలి నాలుగురోజుల తేడాతో రెండు తీరాలనూ తాకినది. అక్కడి తెలుగు మత్స్యకారుని బంధువులు ఇక్కడి తీరాన ఉన్నారు. ఆపద ఇరువురిదీ అయినప్పుడు అనుభవం కూడా ఇరువురిదీ కావలెను.

గుర్తింపు అంటే ఏమి?

పథకపు రజతోత్సవ సందర్భంలో, 1993-94లో, జాతీయ స్థాయి పురస్కారాలు నెలకొల్పబడినవి. సేవకులకు, కార్యక్రమాధికారులకు, దళాలకు ఇవి లభిస్తున్నాయి. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీని పథక దినోత్సవంగాను, ఐక్యరాజ్యసమితి 1985లో చేసిన నిర్ణయం మేరకు డిసెంబరు 5వ తేదీని అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినంగాను జరుపుకుంటున్నాము. ఇవి సమంజసమే. కాని నలభైలక్షలమందిలో పతకం అందేది కొద్దిమందికే. మిగిలినవారికి దక్కేది ఒక యోగ్యతాపత్రం. అందులో గంటలు ఉంటాయి. ఆ గంటలలో ఏమి జరిగినదో ఉండదు.

ఒక ఆక్షేపణ వినిపించవచ్చును. ఫలాపేక్ష లేనిదే సేవ కదా, గుర్తింపు కోరడం దాని పవిత్రతకు భంగం కాదా? ఇది ఆలోచించదగిన ప్రశ్నయే. చేసినవాడు చెప్పుకోకపోవడం అతని ధర్మం. పొందినవాడు మరువకపోవడం ఇతని ధర్మం. మొదటిదాన్ని సాకుగా చూపి రెండవదాన్ని ఎగవేయడం కృతఘ్నత అనిపించుకుంటుంది. పైగా గుర్తింపు లేనిచోట మంచిపని, మొక్కుబడి పని ఒకే తూకంలో పడతాయి. నీరుపోసే దిక్కులేని మొక్కలు నాటి, పటం తీయించుకుని వెళ్లిన శిబిరానికి, వేసవిలో ఎండిపోయిన ఊరిబావిని పూడికతీసిన శిబిరానికి పత్రంలో తేడా కనబడదు. అప్పుడు నష్టపోయేది నిజాయితీగా పనిచేసిన దళమే.

అందుచేత కొన్ని సూచనలు చేయదలచాము.

మొదటిది, గుర్తింపు పత్రంలో గ్రామం మాట ఉండవలెను. కళాశాల అధ్యక్షుని సంతకంతోపాటు, దత్తత గ్రామ పంచాయతీ ప్రధాన్ “వీరు మాకు ఫలానా పని చేశారు, అది నేటికీ నిలిచి ఉన్నది” అని రాసి ఇచ్చే పద్ధతి రావలెను. శిబిరం ముగిసిన రోజున కాక, ఆరు మాసాల తరువాత రాసినదైతే మరీ మంచిది.

రెండవది, ప్రతి దత్తత గ్రామానికి ఒక పుస్తకం ఉండవలెను. సేవకుడు రెండేళ్లకు వెళ్లిపోతాడు. అతనితోపాటు ఊరిని గురించి అతడు తెలుసుకున్నదంతా వెళ్లిపోతున్నది. ఏ ఇంట కదలలేని వృద్ధురాలున్నది, ఏ బావి నీరు ముందు ఎండుతుంది, అల వస్తే పిల్లలు ఏ గుట్టపైకి ఎక్కవలెను, ఎవరికి ఏ భాష తెలుసు, ఇవన్నీ ఆ పుస్తకంలో చేరి, ఒక జట్టు చేతినుండి మరొక జట్టు చేతికి అందవలెను. తన రాతను తరువాతివాడు చదివి పని సాగించడం కన్న పెద్ద గౌరవం సేవకునికి ఏమున్నది?

మూడవది, ఆపదకు ముందే శిక్షణ ఇవ్వవలెను. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ అన్న పథకం ద్వారా స్థానిక సేవకులకు రక్షణ చర్యలలో శిక్షణ ఇవ్వడం ఆరంభించినది. సముద్రతీర దళాలన్నింటికీ ప్రథమ చికిత్స, ఈతలో రక్షించడం, తాళ్ల వాడకం, రేడియో వాడకం నేర్పవలెను. శిక్షణ లేని ఉత్సాహాన్ని అలల ముందు నిలబెట్టి ఆపై ప్రశంసించడం న్యాయం కాదు. సేవకుని ప్రాణరక్షణ కూడా గుర్తింపులో భాగమే.

నాలుగవది, వారి మాట వినవలెను. గడపగడప తిరిగినవారికి ఊరి గుట్టు తెలుస్తుంది. ఏ మందు అందడం లేదు, ఏ ఇంటి పిల్ల చదువు మానినది, ఏ కరపత్రం ఎవరికీ అర్థం కావడం లేదు అన్నది వారు చెప్పగలరు. జిల్లా అధికారులు ఏడాదికొకసారి దళాలను కూర్చోబెట్టుకుని అడిగితే, ఖర్చు లేకుండా లభించే సర్వేక్షణ అది.

వీటిలో ఏదీ పెద్ద నిధులు కోరేది కాదు. ఒక పుస్తకం, ఒక సంతకం, ఒక శిక్షణ, ఒక సమావేశం చాలు. అయినా వీటివల్ల కలిగే మార్పు పెద్దది. గంటల లెక్క విద్యార్థి ఎంతసేపు ఉన్నాడో చెబుతుంది. ఈ లెక్క అతడు వెళ్లిన తరువాత ఏమి మిగిలినదో చెబుతుంది. సేవకు నిజమైన తూనిక ఆ మిగిలినదే.

పాఠకులలో అధ్యాపకులు ఉంటారు, పంచాయతీ పెద్దలు ఉంటారు, సేవాదళంలో పిల్లలున్న తల్లిదండ్రులు ఉంటారు. వచ్చే సెప్టెంబరు 24న సభ జరిపి దండలు వేయడంతో ఊరుకోకండి. మీ ఊరిలో గత పదేళ్లలో శిబిరం నడిపిన విద్యార్థుల పేర్లు సేకరించండి. వారు తవ్విన బాట, బాగుచేసిన బావి, చదువు నేర్పిన పెద్దలు ఏమయ్యారో విచారించండి. నిలిచినదాన్ని పదిమందికి చూపండి. నిలవనిదాన్ని ఎందుకు నిలవలేదో వచ్చే జట్టుకు చెప్పండి. అండమాన్‌లో ఒకనాడు మనిషి శ్రమకు విలువ కట్టినది కొరడా. నేడు ఆ విలువ కట్టవలసినవారు ఆ శ్రమ ఫలం అనుభవిస్తున్న ప్రజలు. ఆ బాధ్యత మనది.